ముప్పై ఒకటో పేజీలో అబద్ధం

ఫిబ్రవరి 4

నా ముసలమ్మ వాడి కలలోకి వచ్చిందట.

టీ టైములో పక్క సీటాయన ఫోన్ పట్టుకొచ్చి, ఈయన మీ తమ్ముడే కదా మేడం అని చూపించాడు. వాడే. నల్ల టీషర్టు, కొత్త కళ్లద్దాలు. వెనక గాజు బీరువాలో మా పాత ఆట పెట్టె, దాని మీదికి ప్రత్యేకంగా ఒక లైటు. పాత కంప్యూటర్ గేమ్స్ మీద ఇంటర్వ్యూ. వాటికి మళ్లీ మంచి రోజులు వచ్చాయట. వాటితో పాటు పెట్టెలో వచ్చిన మాన్యువల్స్‌కి ఇంకా మంచి రోజులట.

మా గేమ్ పేరు 'పన్నెండు రేవులు'. ముప్పై ఏళ్ల కిందటిది. పెట్టెలో రెండు ఫ్లాపీలు, ఒక మడత మ్యాపు, నలభై ఎనిమిది పేజీల మాన్యువల్. ఆ మాన్యువల్ మొత్తం ఒక రేవు ముసలమ్మ చెబుతున్నట్టు ఉంటుంది. ఓడ ఎలా నడపాలో నేర్పుతుంది, మధ్యమధ్యలో ఆడేవాడిని దులిపేస్తుంది. ఆవిడ ఎలా పుట్టిందని యాంకర్ అడిగింది. కలలో కనిపించి గడగడా చెప్పుకుపోయింది, లేచి మూడు రోజుల్లో రాసేశాను అన్నాడు తమ్ముడు.

మూడు రోజులిస్తే వాడు పాలవాడికి చీటీ కూడా రాయలేడు.

తర్వాత ముప్పై ఒకటో పేజీ సంగతి వచ్చింది. ఆ పేజీలో ముసలమ్మ చెప్పిన దారిన వెళితే ఓడ రాళ్లకు కొట్టుకుని మునిగిపోతుంది. గేమ్స్‌లో అంత గొప్ప అబద్ధం ఇంకోటి లేదని యాంకర్ మురిసిపోయింది. పెద్దవాళ్లు చెప్పిందల్లా నమ్మకూడదని నేర్పాలనుకున్నాను అన్నాడు వాడు, గడ్డం నిమురుకుంటూ. పక్క సీటాయన, అబ్బ, ఎంత ఆలోచనండీ అన్నాడు. నేను కప్పు కడుక్కోవడానికి లేచాను.

ఆ మాన్యువల్ రాసింది నేను. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా. ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి ఇక్కడ ధైర్యంగా రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 5

మళ్లీ చూశాను. రెండుసార్లు. సిగ్గు లేకపోతే సరి.

ఫిబ్రవరి 9, ఆదివారం

బట్టలు ఉతకాలి, ఫ్యాను తుడవాలి. ఏమీ చేయలేదు. కూర్చుని మా పాత కంపెనీ రెండు గదుల గురించే ఆలోచించాను.

కింద టైర్ల షాపు, పైన మా కంపెనీ. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన. ఓనరు, గేమ్ తయారుచేసే తమ్ముడు, ఫ్లాపీలు కాపీ చేసి పెట్టెల్లో సర్దే ఒకాయన, నేను. నాకు ఇరవై మూడు, వాడికి ఇరవై. వాడికి లెక్కలు వచ్చు, మాటలు రావు. అక్కా, నువ్వే ఏదో ఒకటి రాసిపెట్టవా అని బతిమాలాడు. ఏదో ఒకటి రాయడం నాకు చేతకాక, అమ్మమ్మను తెచ్చి రేవులో కూర్చోబెట్టాను. "గాలి ఎదురొస్తుంటే తెరచాప ఎత్తేవాడు నా అల్లుడైనా సరే, గుమ్మంలోకి రానివ్వను." ఇది అచ్చంగా అమ్మమ్మ మాట. ఆవిడ చేత ఎక్కువ తిట్లు తిన్నది వాడే. ఇప్పుడు కలలోకి వచ్చిందంటున్నాడు. కలలోకి రావడమేంట్రా, ఆవిడ చంకలోనే కదా నువ్వు పెరిగింది!

రచయిత పేరు వేయొద్దన్నాడు ఓనరు. పుస్తకం ముసలమ్మే రాసినట్టుండాలి, పేరు వేస్తే మజా పోతుందన్నాడు. నాకూ ఆ ఆలోచన నచ్చింది. ముసలమ్మ పేరుతో చలామణీ అయితే చాలనుకున్నాను. దిక్కులేని పుస్తకాన్ని ఎవడైనా దత్తత తీసుకోవచ్చని అప్పుడు తట్టలేదు.

ఇక ఆ అబద్ధం. దాని సంగతి ఒక్కసారి వరసగా రాసుకుంటే తప్ప నా మనసు కుదుటపడదు.

ఆ రోజుల్లో ఒకడు గేమ్ కొంటే పదిమంది ఫ్లాపీలు కాపీ చేసుకునేవాళ్లు. దానికి మందు మాన్యువలే. ఆట మధ్యలో తెర ఆగిపోయి అడుగుతుంది: ముసలమ్మ పుస్తకంలో ఫలానా పేజీ, ఫలానా లైను, ఫలానా మాట ఏమిటి? పుస్తకం ఉన్నవాడు చూసి కొడతాడు. లేనివాడు మూడుసార్లు తప్పు కొడితే ఓడ గోవిందా. జిరాక్స్ తీయకుండా ముదురు మెరూన్ కాగితం మీద నల్లటి అక్షరాలు వేయించాం. తీస్తే పేజీ మొత్తం బొగ్గులా వచ్చేది. ప్రూఫులు దిద్దినన్నాళ్లూ నా కళ్లు మండేవి.

ముప్పై ఒకటో పేజీలో నేను రాసింది ఇది: "నల్లరాయి కనపడగానే చుక్కాని ఎడమకు తిప్పు. ఎందుకని అడగకు. చెప్పానుగా." ఐదో లైను మొదటి మాట 'ఎడమకు'. గేమ్ అడిగే ప్రశ్నల్లో అదొకటి. నేను రాసిననాడు అది నిజమే. మ్యాపులో నల్లరాయికి ఎడమవైపే దారి ఉంది. పుస్తకం ప్రెస్సుకు వెళ్లిన వారం, తెర అంచున రేవు పట్టలేదని తమ్ముడు ఆ దీవిని అద్దంలో బొమ్మలా అటుదిటు తిప్పేశాడు. దారి కుడివైపుకు వెళ్లిపోయింది. నాకు చెప్పలేదు. అంటే నేను అబద్ధం రాయలేదు. నేను రాశాక వాడు సముద్రాన్ని తిప్పాడు.

ఓడలు మునిగాయి. ఫోన్లు మొదలయ్యాయి. ఓనరు అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేశాడు. కుడి ఎడమలు తెలియనిదానివి పుస్తకం రాయడమేంటమ్మా అన్నాడు. తమ్ముడు కుక్కిన పేనులా కూర్చుని ఫ్లాపీ లేబుల్ గోకుతున్నాడు. చెబుతాడేమోనని నేను వాడివైపే చూస్తూ నిలబడ్డాను. పోనీ రెండో ముద్రణలో దిద్దుదామన్నా కుదరలేదు, ఎందుకంటే అప్పటికే అమ్మిన ఫ్లాపీలన్నీ 'ఎడమకు' అనే మాటే అడుగుతాయి. తప్పు తప్పుగానే ఉండిపోయింది. తర్వాతి గేమ్‌కి మాన్యువల్ ఇంకొకరి చేత రాయించారు. నేను మిక్సీల కంపెనీలో మాన్యువల్స్ రాయడానికి చేరాను.

తప్పయినన్నాళ్లూ అది నాది. గొప్పయ్యాక వాడిది.

ఫిబ్రవరి 18

తమ్ముడు ఫోన్ చేశాడు. మామూలుగా మరదలి చేత చేయిస్తాడు, అంచేత ఏదో పని పడిందని హలోలోనే అర్థమైంది.

'పన్నెండు రేవులు' ముప్పై ఏళ్ల ఎడిషన్ వేస్తున్నారట. పాత గేమ్స్ మళ్లీ తెచ్చే ఒక కంపెనీ. అదే పెట్టె, అదే మ్యాపు, మెరూన్ కాగితం మాన్యువల్‌తో సహా. గేమ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చరట, ఆ ప్రశ్నలు కూడా అలాగే ఉంచుతారట. అవే కావాలట జనానికి. పాత పుస్తకం చూసి మళ్లీ టైపు చేయించారు, ప్రూఫులు చూసేవాళ్లు కావాలి, నువ్వయితే కళ్లు మూసుకుని చూసేస్తావు కదక్కా అన్నాడు.

కళ్లు మూసుకుని ప్రూఫులు ఎలా చూస్తారో వాడికే తెలియాలి.

ఇంటర్వ్యూ చూశానన్నాను. వాడు, యాంకర్ ఏదో అడిగింది, నేనేదో చెప్పాను, టీవీ వాళ్లకి కథ కావాలి అంటూ నీళ్లు నమిలాడు. ప్రూఫులు చూస్తాను, కానీ లోపల రచన అని నా పేరు పడాలి అన్నాను. ఎంతో మామూలుగా అన్నాను. తప్పకుండా అక్కా, అది చెప్పాలా అన్నాడు వాడు.

ఫిబ్రవరి 19

నా పేరు ఏ సైజులో వేస్తారో. పన్నెండు పాయింట్లు చాలు.

ఫిబ్రవరి 26

ఆఫీసులో మీటింగు. ఇకమీదట మిక్సీలకీ గీజర్లకీ పుస్తకాలు ఉండవు. పెట్టె మీద QR కోడ్ స్టిక్కర్. కాగితం దండగ, ఎవరు చదువుతున్నారని అంటూ మేనేజర్ నవ్వాడు. స్టిక్కర్ మీద ఏం రాయాలో డ్రాఫ్ట్ చేయమని నాకే అప్పజెప్పాడు. "ఇక్కడ స్కాన్ చేయండి" అని రాసిచ్చాను. బావుందన్నాడు. ఇన్నేళ్ల సర్వీసు మూడు మాటలకు వచ్చింది.

మార్చి 2, ఉదయం 7

ప్రూఫులు వచ్చాయి. నిన్న సాయంత్రం కవరు అలాగే బల్ల మీద పెట్టి పడుకున్నాను. కొత్త పెళ్లికూతురిలా దాన్ని పక్కనుంచి చూడటమే తప్ప తెరవలేదు.

ఇప్పుడు తెరిచాను. ముసలమ్మ మాట్లాడుతోంది. ఎంత ఠీవిగా మాట్లాడుతోంది! ఇరవై మూడేళ్ల పిల్లకి అంత నోరు ఎక్కడిది? ఇప్పుడు నాకు యాభై మూడు, ముసలమ్మకి దగ్గరపడుతున్నాను, కానీ ఇంత నోరు లేదు.

అప్పట్లో జనం గేమ్ కొని పెట్టె బస్సులోనే విప్పేవాళ్లు. ఇంట్లో కంప్యూటర్ అన్నయ్య చేతిలోనో నాన్న చేతిలోనో ఉండేది, వాళ్లు లేచేదాకా పుస్తకం చదువుకోవాల్సిందే. ఫ్లాపీ గరగరలాడుతూ లోడ్ అయ్యేలోపు నాలుగు పేజీలు అయిపోయేవి. కంచం పక్కన పెట్టుకుని తింటూ చదివేవాళ్లు. మాకు వచ్చిన ఉత్తరాల్లో ఒకమ్మాయి, మా ఇంట్లో కంప్యూటర్ లేదు, పుస్తకం ఒక్కటే ఫ్రెండ్ దగ్గర తెచ్చుకున్నాను, పన్నెండు రేవులూ తిరిగొచ్చాను అని రాసింది. ఆ ఉత్తరం ఓనరు గోడకు అంటించాడు. నేను నా సీట్లోంచి దాన్ని చూస్తూ పనిచేసేదాన్ని. మిక్సీ పుస్తకం చదివి ఎవరూ ఉత్తరం రాయలేదు.

సాయంత్రం 5

పేర్లు ఉండే లోపలి పేజీ ఇప్పుడు చూశాను. ముందు కథ చదువుకుని తర్వాత చూద్దామని దాచుకున్నాను, పిచ్చిదాన్ని.

రచన, రూపకల్పన: తమ్ముడి పేరు.

చివరి పేజీలో, కృతజ్ఞతలు కింద, కాఫీలు పోసిన ఫ్రెండు తర్వాత, కంప్యూటర్ రిపేరు చేసిన షాపు తర్వాత: ఓపిగ్గా టైపు చేసిపెట్టిన అక్కకు.

టైపు!

మార్చి 3

ఎర్రపెన్నుతో వాడి పేరు దగ్గర 'రచన' కొట్టేసి, పక్కన రచన అని నా పేరు రాశాను. కృతజ్ఞతల్లో అక్కను కూడా కొట్టేశాను. మిగతా నలభై ఆరు పేజీల్లో పదకొండు అచ్చుతప్పులు దిద్ది పంపాను. తమ్ముడికి మెసేజ్ పెట్టాను. బొటనవేలు బొమ్మ పంపాడు.

మార్చి 11

రెండో ప్రూఫు. పదకొండు తప్పులూ దిద్దారు. నా పేరు లేదు. అక్క మళ్లీ కృతజ్ఞతల్లోకి వచ్చి కూర్చుంది.

లేఅవుట్ చేసే ఆవిడకు ఫోన్ చేశాను. పాపం మర్యాదగా మాట్లాడింది. పేర్ల పేజీ ఏం మార్చినా సారే చెప్పాలండి, సార్ పాతదే ఉంచమన్నారు అంది. మీ తమ్ముడుగారంటే మా అందరికీ ఎంత అభిమానమో అని కూడా చెప్పింది. థ్యాంక్స్ చెప్పి పెట్టేశాను. మా ఇంటి పెంపకం కదా.

మార్చి 14

మరదలు వచ్చింది. ఒక్కతే. ఆపిల్స్ తెచ్చింది. అవి చూడగానే ఒంట్లో బాగోని మనిషిని పరామర్శించడానికి వచ్చినట్టుందనుకున్నాను.

చాలాసేపు గ్యాస్ గురించి, మోకాళ్ల గురించి మాట్లాడింది. తర్వాత ఏడ్చింది. వదినా, మీకు తెలియనిదేముంది, ఆయన ఆ తర్వాత పెట్టిన ప్రతి కంపెనీ మునిగిపోయింది, పదేళ్లు ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నారు, ఈ పాత ఆట పుణ్యమా అని రెండేళ్లుగా మళ్లీ తల దువ్వుకుని బయటికి వెళుతున్నారు, ఆయనకి పేరంటూ ఉన్నది ఇదొక్కటే అంది. ఇందులో వాటా అడిగితే మళ్లీ గోడవైపు తిరుగుతారని భయంగా ఉంది వదినా అంది.

అబద్ధమేమీ చెప్పలేదు. వాడు గోడవైపు పడుకున్న రోజుల్లో కంచం తీసుకెళ్లి పెట్టినదాన్ని నేనే. ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకు వాటా వద్దు, వాడు ఒక్కసారి అక్క రాసింది అంటే చాలు, నలుగురిలో కాకపోయినా పర్లేదు, ఫోన్‌లో నాతో అన్నా చాలు అన్నాను. చెబుతానంది. వెళ్లేటప్పుడు ఆపిల్స్ కోసుకుని తినమంది.

నాకు ఉన్న పేరు ఏదని ఆమె అడగలేదు. నేనూ గుర్తుచేయలేదు.

మార్చి 15

ఫోన్ రాలేదు.

మార్చి 18

ఫోన్ వచ్చింది. రేపటికి ఫైనల్ ప్రూఫు ఇచ్చేయాలక్కా, ఆలస్యమైతే ప్రెస్సు స్లాటు పోతుందని తొందరపెట్టాడు. మరదలు ఏమైనా చెప్పిందా అని అడిగాను. ఏం చెప్పాలి అన్నాడు. అమ్మమ్మ గుర్తుందా అని అడిగాను. మీటింగులో ఉన్నాను మళ్లీ చేస్తానన్నాడు.

మార్చి 19

ముప్పై ఒకటో పేజీ, ఐదో లైను, మొదటి మాట. 'ఎడమకు' కొట్టేసి 'కుడికి' అని రాశాను.



దారి కుడివైపే ఉంది. ఈ పుస్తకం మాట విన్నవాడి ఓడ మునగదు. తప్పు దిద్దడం ప్రూఫు చూసేవాళ్ల పని. గేమ్ మాత్రం పాత మాటే అడుగుతుందని నాకు తెలుసు, తెలిసే చేశాను. అమాయకత్వం నటించడానికి ఇక్కడ ఎవరున్నారు?

పైన ఒక చీటీ పెట్టాను: ప్రెస్సుకు పంపే ముందు రచయిత ఒక్కసారి పూర్తిగా చదివి సంతకం చేయవలెను. రచయితే కదా, చదివితే పట్టుకుంటాడు. నలభై ఎనిమిది పేజీలు. గంట పని. పట్టుకుంటే, పుస్తకం వాడిదేనని నేను కూడా ఒప్పేసుకుంటాను. నిజంగా ఒప్పుకుంటాను.

మార్చి 21

ఇరవై నిమిషాల్లో సంతకం చేసి పంపేశాడట. లేఅవుట్ ఆవిడ చెప్పింది, సార్ చాలా ఫాస్ట్ అండి అని.

ఏప్రిల్ 6

నాలుగుసార్లు ఫోన్ తీసి, వాడి నంబరు మీద వేలు పెట్టి, మళ్లీ దించాను. ప్రెస్సును ఆపగలిగే మనిషిని నేనొక్కదాన్నే. నన్ను ఆపే మాట వాడి దగ్గర ఉంది. ఇద్దరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం.

ఏప్రిల్ 7

వాడు పట్టుకుని కూర్చోలేదు. నేనే.

మే 17

లాంచ్ అయింది. ఇప్పుడే వచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు.

హాలు నిండిపోయింది. నలభై దాటినవాళ్లే అందరూ, పొట్టలు, బట్టతలలు, చేతుల్లో పాత పెట్టెలు పసిపిల్లల్లా పట్టుకుని ఉన్నారు. కొత్త మాన్యువల్ తీసి ముందు వాసన చూస్తున్నారు. ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. ఇంతమంది ఇన్నాళ్లూ ఎక్కడున్నారు? నేను గీజర్ల గురించి రాస్తున్నప్పుడు వీళ్లంతా నా ముసలమ్మను దాచుకుని ఉన్నారు. ఒక్క క్షణం, ఆ పని చేయకుండా ఉండాల్సిందనిపించింది.

తమ్ముడు స్టేజీ మీదకి వచ్చాడు. చప్పట్లు. ఇప్పుడు ఆ ప్రసిద్ధమైన అబద్ధం చదువుతానన్నాడు. వాడు ముప్పై ఒకటో పేజీ తీసి, చెయ్యి ఊపుతూ చదివాడు: నల్లరాయి కనపడగానే చుక్కాని కుడికి తిప్పు. ఆగి, చప్పట్ల కోసం చూశాడు.

వాడికి తేడా తెలియలేదు! ఆ అబద్ధం మీద రెండేళ్లుగా ఇంటర్వ్యూలిస్తున్నవాడికి, అబద్ధం ఎటువైపు ఉందో గుర్తులేదు.

ముందు వరసలో ఒకాయన లేచాడు. పాత గేమ్ పెట్టెలు పోగుచేస్తాడట, అందరూ పెట్టెలాయన అంటున్నారు. సార్, అది ఎడమకు అండి అన్నాడు, ఎంతో సౌమ్యంగా. వెనక పెద్ద తెర మీద ఆట నడుస్తోంది. సరిగ్గా అదే ప్రశ్న వచ్చేచోటుకు సేవ్ చేసి పెట్టుకున్నారు, డెమో కోసం. పేజీ 31, లైను 5, మొదటి మాట? కంపెనీ మనిషి చేతిలోని కొత్త పుస్తకం చూసి 'కుడికి' కొట్టాడు. తప్పు. మళ్లీ కొట్టాడు. హాల్లో అందరూ ఎడమకు, ఎడమకు అని అరుస్తున్నారు. ఆ కంపెనీ మనిషి కంగారులో అదే మాట మూడోసారి కొట్టాడు. ఓడ మునిగింది. గోడంత తెర మీద, బుడగలతో సహా.

అప్పుడు తమ్ముడు నవ్వాడు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి నవ్వే నవ్వు. క్షమించాలి, ప్రూఫులు మా అక్క చూసింది, పెద్దావిడ, మా మీద ప్రేమతో చేసిపెట్టింది, చూపు ఆనలేదేమో అని చెప్పి, చేత్తో నన్ను చూపించాడు. తలలన్నీ నావైపు తిరిగాయి. ఆ హాల్లో నా పరిచయం అలా జరిగింది.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందంటారు. ఇక్కడ మద్దెల తోబుట్టువు.

నేను లేచి నిలబడ్డాను. దారి కుడివైపే ఉంది కదా, నేను దిద్దింది నిజమే కదా అన్నాను. ఎవరికీ వినిపించలేదు. మైకు వాడి దగ్గర ఉంది.

బయట మెట్ల దగ్గర పెట్టెలాయన నా కోసం ఆగాడు. నా మీద జాలి పడ్డాడు. బాధపడకండమ్మా అని, ముప్పై ఒకటో పేజీ విశిష్టత నాకు అరగంట వివరించాడు. ముసలమ్మ ఎందుకు అబద్ధం చెబుతుందో, ఆవిడ ఒంటరితనమేమిటో, వెళ్లిపోయేవాళ్లను ఒక్కసారైనా తిరిగి తన రేవుకు రప్పించుకోవాలన్న ఆశ ఏమిటో. నలభై ఎనిమిది పేజీలూ ఆయనకు కంఠతా వచ్చు. నా వాక్యాలు నాకు అప్పజెప్పాడు. ఒక్క కామా పోలేదు.

ఆ పుస్తకం రాసింది నేనేనండి అన్నాను. ఆయన మెల్లగా నవ్వాడు. ఇంట్లోవాళ్లకు అలాగే అనిపిస్తుందమ్మా, దగ్గరుండి చూశారు కదా అన్నాడు. తర్వాత నాకు ఆటో పిలిచాడు.

నా పుస్తకాన్ని అంతగా ప్రేమించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. అందులో ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన మాట, నాది కాని తప్పు.

మే 18

చెప్పులు వేసుకునే పడుకున్నట్టున్నాను.

మే 23

కొన్నవాళ్లంతా ఒకటే గోల. కొత్తగా కొన్నవాళ్ల ఓడలన్నీ ఆ ప్రశ్న దగ్గర మునుగుతున్నాయట. పాతవాళ్లకు అబద్ధం పోయిందని కోపం. మళ్లీ ప్రింట్ చేసే స్తోమత లేదు, అంచేత ప్రతి పెట్టెలో ఒక తప్పొప్పుల పట్టిక పెడతారట. తమ్ముడు ఫోన్ చేశాడు. అక్కా, ఏమనుకోకు, ఎవరి వల్ల జరిగిందో వేయకపోతే జనం ఊరుకోరంటున్నారు, చిన్న చీటీయే కదా అన్నాడు.

నువ్వు కావాలని చేశావా అని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. అడిగితే, సంతకం పెట్టే ముందు చదివావా అని నేను అడుగుతానని భయం.

వేయమన్నాను. అయితే పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా వేయమన్నాను.

జూన్ 10

పెట్టె వచ్చింది. ముప్పై ఒకటో పేజీలో చీటీ, అదే మెరూన్ కాగితం మీద. "లైను 5: 'కుడికి' అని ఉన్నచోట 'ఎడమకు' అని చదువుకోవలెను." నిజాన్ని తీసేసి అబద్ధాన్ని పెట్టుకోవలెను. కింద: ఈ పొరపాటు ప్రూఫులు చూసిన ఫలానా వారిది.

ఫలానా నేనే. ఇంటిపేరుతో సహా. ఒక్క అచ్చుతప్పు లేదు. పన్నెండు పాయింట్లు.

ముప్పై ఏళ్ల కింద నోటితో అన్నారు. ఇప్పుడు అచ్చు వేశారు.

వేలితో తడిమి చూసుకున్నాను. ఇంకు అంటలేదు.

జూలై 2

పెట్టెలాయన తన కొత్త పెట్టె కొరియర్‌లో పంపాడు. చీటీ ఉన్న పెట్టెలకు ఇప్పుడు గిరాకీ పెరిగిందట. ఆ చీటీ మీద నా సంతకం కావాలట.

పెట్టాను. ఎడమచేత్తో.